బొట్టు పెట్టిన డిస్కు

ఇప్పుడు ప్రతి ఇంటి గోడా ఆటలాడిస్తుంది. పాత డిస్కులను మాత్రం దుకాణంలో గోడకు పనికొచ్చేలా మార్పించుకోవాలి. మా కారు పందెం ఆట డిస్కును దుకాణంలో మిషను మళ్లీ మళ్లీ కక్కేసింది.

"మెరిసే పక్క కుంకుమేంది పెద్దాయనా?" అన్నాడు దుకాణం ఓబులేసు నవ్వాపుకుంటూ.

"దసరాకు మా ఇంటామె పెట్టింది. ఇంట్లో ఏ యంత్రానికైనా పెడుతుండె."

"డిస్కుకు కూడానా? తుడిస్తే సరిపాయె."

"తుడవద్దు. ఆ బొట్టు వల్లే కారు వంతెన కాడ ఆగిపోతాండె. ఆగినప్పుడల్లా ఆమె పడీపడీ నవ్వుతాండె. ఆ ఆగేది గూడా ఎక్కించు."

"తప్పును ఎక్కించేది కుదరదు. మిషనే సరిచేసేస్తాది" అన్నాడు గర్వంగా.

అన్నీ సరిచేసే మిషన్లే. ఆసుపత్రిలో మా ఇంటామె సుంకులమ్మనూ సరిచేస్తామనే లోపలికి తీసుకుపోయాయి. తిరిగి ఇచ్చింది శవాన్నే.

ఓబులేసు తడిగుడ్డ తీశాడు. నేను డిస్కు లాక్కున్నాను.

"ఈ డిస్కు ఆడే పాత పెట్టెలు యాడా లేవు పెద్దాయనా. ఇంక ఆట పోయినట్టే."

"ఆట నువ్వే పెట్టుకో" అన్నాను. ఎండిన కుంకుమ రాలకుండా డిస్కును కండువాలో చుట్టుకుని దుకాణం దిగాను.