రెండు వందల దాకా

"యాభై," అన్నాడు భూమేశ్.

"డెబ్బై," అన్నాడు సంజీవ్, తల కూడా ఎత్తకుండా.

గదిలో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

గల్ఫ్‌లో సహం అనే ఊళ్లోని ఆ లేబర్ క్యాంపులో నెలకోసారి, శుక్రవారం భోజనాలయ్యాక చిట్టీ పాట జరుగుతుంది. ఇరవై మంది, తలా నలభై రియాళ్లు. మొత్తం ఎనిమిది వందలు. డబ్బు కావలసినవాడు అందులోంచి ఎంత వదులుకుంటాడో పాడాలి. ఎక్కువ వదులుకున్నవాడికే చిట్టీ. వదిలిన సొమ్ము అందరూ పంచుకుంటారు. అంటే ఒకడి అవసరం ఎంత ముదిరితే మిగతావాళ్లకి అంత పండగ.

ఈసారి మాత్రం పోటీ పాడొద్దని ముందే అనుకున్నారు. టైల్స్ వేసే భూమేశ్ కూతురు సంగీతకు హైదరాబాద్‌లో మ్యాథ్స్ డిగ్రీ సీటొచ్చింది. రేపటికల్లా మొదటి ఏడాది ఫీజు కట్టాలి. దానికి ఆరు వందల రియాళ్లు కావాలి. భూమేశ్ రెండు వందల దాకా వదులుకోగలడు. అది దాటితే చిట్టీ దక్కినా ఒకటే, దక్కకపోయినా ఒకటే.

ఆ సంగతి సంజీవ్‌కీ తెలుసు. తెలిసే పాడుతున్నాడు.

"తొంభై."

"నూట పది."

చిట్టీ నడిపే లచ్చన్నకు ఒళ్లు మండింది. "ఏందిరా సంజీవ్? పొల్ల సదువుకు అడ్డం పడ్తవా?"

సంజీవ్ రాడ్లు మోసే హెల్పర్. వచ్చి రెండేళ్లయినా ఎవరితోనూ కలవడు. కోడికూర వండిన రోజు వాటా వేయడు, ఓ మూల కూర్చుని పప్పుతో తింటాడు. ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలని రకం. కరీంనగర్‌లో ప్లాటు కొనడానికి కూడబెడుతున్నాడని క్యాంపంతా చెప్పుకుంటారు.

"అడ్డం గాదన్నా, లెక్క చెప్తున్న," అన్నాడు సంజీవ్. "మ్యాథ్స్ అంటే డిగ్రీతోని ఒడువది. మీద పీజీ చెయ్యాలె. అయిదేండ్లు. ఈ చిట్టీ ఒక్క ఏడాదికే సరిపోతది. మిగిలిన నాలుగేండ్లకు లోను తీస్తడు. పిల్ల బయటికచ్చేసరికి నెత్తి మీద ఏడెనిమిది లక్షలుంటయ్. ప్రైవేటు కాలేజీల పదిహేను వేలు ఇస్తరు. ఎండాకాలం రెండు నెలలు అది గూడ ఇయ్యరు. వచ్చిన జీతం మిత్తికే సాలది."

"సర్కారు నౌకరి అస్తది," అన్నాడు భూమేశ్.

"ఎప్పుడస్తది? పోస్టులు పడేదాకా బ్యాంకోడు ఆగుతడా? నర్సింగ్ సదివియ్యి. ఏడాదిల అప్పు తీరుతది."

ఈ మాటలన్నీ భూమేశ్ బామ్మర్ది కూడా ఫోన్లో అన్నాడు. కానీ బామ్మర్ది పాట పాడలేదు.

"రాడ్లు మోసెటోనికి కాలేజీ జీతాల ముచ్చటెందుకురా!" అన్నాడు లచ్చన్న. అందరూ నవ్వారు. సంజీవ్ నవ్వలేదు.

"నూట యాభై," అన్నాడు భూమేశ్.

"నూట డెబ్బై."

"నూట ఎనభై."

"నూట తొంభై."

ఇంకొక్క మెట్టే ఉంది. ఆ పైన భూమేశ్ దగ్గర పాడటానికేం లేదు. నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. సంగీత. అతని ఫోన్ చెవి దగ్గర పెడితే వినపడదు, ఎప్పుడూ స్పీకరే. గదిలో అందరికీ వినిపించింది.

"బాపూ, చిట్టీ అచ్చిందా?"

"నడుస్తంది బిడ్డా."

"మస్తు ఎక్కువైతే ఇడిసిపెట్టు బాపూ. నువ్వు రంది పెట్టుకోకు. నేను నర్సింగ్‌ల చేరుత. లెక్కలు ఇంట్ల కూసోని చేస్కుంట తియ్యి."

భూమేశ్ ఫోన్ పెట్టేశాడు. ఆ పిల్ల అంత తేలిగ్గా అనేసరికి అతనికి ఏడుపొచ్చింది. లచ్చన్న గొంతు సవరించుకుని పైకప్పు వైపు చూశాడు.

"రెండు వందలు," అన్నాడు భూమేశ్.

"రెండు వందలు ఒకటోసారి," అన్నాడు లచ్చన్న.

సంజీవ్ ఆ ఫోన్ వంకే చూస్తున్నాడు.

"రెండోసారి."

సంజీవ్ పెదవులు కదిలాయి. ఒక్క రియాల్ పెంచితే చాలు, అంతా మట్టిపాలు. వాడు పెంచుతాడు. పెంచక ఊరుకునే రకం కాదు.

సంజీవ్ తల దించుకున్నాడు.

"మూడోసారి! చిట్టీ భూమేశ్‌ది!"

అందరూ చప్పట్లు కొట్టారు. తలా పది రియాళ్లు మిగలడంతో మనసులు కూడా బాగానే ఉన్నాయి. సంజీవ్ తన వంతు ముప్పై రియాళ్లు లచ్చన్న ముందు మంచం మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

కాసేపటికి భూమేశ్ ఆరు వందలూ లోపలి జేబులో పెట్టుకుని డబ్బు పంపే షాపుకి బయల్దేరాడు. కొళాయి దగ్గర సంజీవ్ డ్యూటీ బట్టలు పిండుతూ కనిపించాడు. గెలిచినవాడికి నోరు ఊరుకోదు కదా. పైగా ఇంతసేపు ప్రాణాలు తోడేసిన మనిషాయె.

"ఏం సంజీవ్, ప్లాటు ఆగిపాయెనా? వచ్చే నెల కొందువు తియ్యి. నా బిడ్డ మాత్రం మ్యాథ్సే సదువుతది. ఎంత జీతమస్తదో నువ్వే సూస్తవ్."

సంజీవ్ కొళాయి కట్టేశాడు. మొహంలో కోపం లేదు.

"సదువనీ అన్నా, మంచి సబ్జెక్టు," అన్నాడు. "ప్లాటు గీటు ఏం లేదు గని, నా ఎమ్మెస్సీ మ్యాథ్స్ లోను కోసం బ్యాంకోళ్లు మా బాపు ఇంటి మీదికి అస్తున్నరని పాడిన."