తొలి గుక్క

జమ్మలమడుగు బస్సు కోసం నిలబడిన పెద్దావిడ, వాన మొదలవగానే రోడ్డు పక్కనున్న మేకల దొడ్డిలోకి వచ్చింది.

లోపల అప్పుడే ఒక మేక ఈనింది.

పిల్ల వణుకుతూ లేచి తల్లి పొదుగు వెతుక్కుంటోంది. దొడ్డి యజమాని ఆదినారాయణ దాన్ని పక్కకు లాగి, పైన గంప బోర్లించాడు. తల్లి కడుపులోని మాయ బయటపడేదాకా పిల్లకు పాలు తాపకూడదని వాళ్ళింట్లో తాతల నాటి పట్టింపు.

పెద్దావిడ వెళ్ళి గంప ఎత్తింది.

"ఎవురమ్మా నువ్వు? మాయ పడకముందే తాపితే పిల్ల దక్కదు," అన్నాడు కోపంగా.

"ఆపి పెట్టినవన్నీ దక్కినాయా నాయనా?"

పోయిన వానకాలమంతా దొడ్డి వెనక చచ్చిన మేకపిల్లలకు గుంటలు తవ్వడమే అతనికి సరిపోయింది.

ఆమె ఆ తడిలోనే కూర్చుంది. పిల్లను కొంగుతో తుడిచి, చన్ను నోటికి అందించింది. అది గుటక వేసేదాకా కదల్లేదు. ఈనగానే వచ్చే ముర్రుపాలే దానికి మొదటి మందని, బొడ్డుకు టింక్చరు పూయాలని, కింద తడి ఉండనీయకూడదని చెప్పింది.

ఇంతలో బస్సు వచ్చింది.

"నా పేరు పీరాంబీ. పాత బస్టాండు వెనక అడిగితే ఎవురైనా చెప్తారు. పిల్ల బతికితే ఒక మాట చెప్పిపో."

ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది.

పిల్ల బతికింది.

తర్వాత ఈనిన వాటికీ అలాగే చేశాడు. నేల ఎత్తు చేసి, ఇసుక పోసి, ఎండుగడ్డి పరిచాడు. మళ్ళీ వచ్చిన వానకాలంలో ఒకే ఒక్క పిల్ల పోయింది. మిగతావి దొడ్డంతా గెంతుతుంటే చూడ్డానికి అతనికి రెండు కళ్ళు చాలలేదు.

మేలు చేసిన మనిషికి ఆ మాట చెప్పకపోతే పాపమంటూ అతని తల్లి వెంకటరమణమ్మ తానూ బయల్దేరింది. దొడ్డిలోకెల్లా పుష్టిగా ఉన్న పిల్లను ఎత్తుకుని, ఇద్దరూ జమ్మలమడుగు వెళ్ళారు.

తలుపు తీసింది పీరాంబీ కూతురు ఆర్షియా. రంజాన్ అయిన కొన్నాళ్ళకే అమ్మ పోయిందని చెప్పింది.

"ఆ మేకపిల్ల ఏమాయనో అని అడుగుతానే ఉండె," అంది.

ఆదినారాయణ ఎత్తుకొచ్చిన పిల్లను ఆమె చేతుల్లో పెట్టాడు.

లోపల గోడమీద తెల్లచీరలో ఉన్న పడుచు పీరాంబీ ఫోటో దగ్గర వెంకటరమణమ్మ ఆగిపోయింది. ముఖం పోల్చుకుని, రెండు చేతులూ జోడించింది.

"నువ్వు పుట్టినపుడు ముర్రుపాలు పిండి పారబొయ్యమని మా అత్త, అదే మీ జేజి, పట్టుబడితే, ఆమెతో కొట్లాడి నీకు తాపిచ్చిన ఆస్పత్రి నర్సమ్మ ఈమేరా నాయనా."