తిట్లు లేని ఫిర్యాదు

“సర్కారును తిడుతూ రాస్తే బంజుల్‌లో ఉన్న ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ ఫిర్యాదు తీసుకోదు పిన్నీ. అది రూలు,” అంటూ లాయరు యాంకూబా ఎర్ర పెన్ను తీశాడు.

సర్కారు బుల్డోజరుతో నేలమట్టం చేసిన చేపల బజారు గురించి, అక్కడ చేపలమ్ముకునే నీమా రెండు పేజీలు రాసుకొచ్చింది. అతను వాక్యాల జోలికి పోకుండా, తిట్టు కనబడ్డ చోటల్లా గీత పెడుతూ పోయాడు. ‘పందికొక్కులు’ కొట్టేశాడు. ‘కంపు ముండలు’ కొట్టేశాడు. ‘దొంగల సంత’ దగ్గర తలెత్తాడు.

“నీకింత నోరుందనుకోలేదు పిన్నీ. ప్రభుత్వాన్ని ఇన్నేసి మాటలా?”

“నేనెక్కడన్నాను నాయనా? అవన్నీ ఆ రోజు ఆఫీసరు మైకులో మమ్మల్నన్నవి. ఒక్కటీ మరిచిపోకూడదని రాసుకున్నా.”

యాంకూబా మొదటి పేజీకి వెనక్కి వెళ్లి, ఈసారి వాక్యాలు చదివాడు. చదివినంతసేపూ పెన్ను కదల్లేదు.

“మరి నువ్వేమన్నావు?” అన్నాడు చివరికి.

నీమా ఆఖరి వరుస మీద వేలు పెట్టింది.

“‘చేపలు తీసుకునేదాకా ఆగండి బాబూ’ అన్నాను. అదీ కొట్టేయాలా?”