ఇనప బోర్డు

మునిసిపాలిటీ మీటింగుకి నన్ను మర్యాదగా పిలిచి, ముందు వరసలో కుర్చీ వేశారు.

మొదట చైర్మన్ గారి గదికి కొత్త కర్టెన్లు. అందరూ చేతులెత్తారు. ఎండకి ఆయన కందిపోతే ఊరేమైపోవాలి!

తర్వాత మా వీధి మురుగుకాలువకి మూత. "నిధుల్లేవు, వచ్చే మీటింగులో చూద్దాం," అన్నారు చైర్మన్ గారు. పాపం, ఆ మూత ఎప్పుడూ వచ్చే మీటింగులోనే ఉంటుంది.

చివరికి నా వంతు వచ్చింది. "అమ్మా, మీ వీధికి మీ అబ్బాయి పేరు పెడుతున్నాం. పెద్ద ఇనప బోర్డు! సంతోషమేనా?"

"ఎందుకు కాదు బాబూ! బతికుండగా వాడి పేరు బడి హాజరుపట్టీలో తప్ప ఎక్కడా పడలేదు. బోర్డు మాత్రం గట్టిగా చేయించండి. మనిషి నిలబడినా వంగకూడదు."

"బోర్డు మీద ఎవరు నిలబడతారమ్మా?" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

బోర్డు పెట్టించి, ఫొటోలు దిగి వెళ్ళారు. ఆ సాయంత్రమే మా తమ్ముడి చేత దాన్ని విప్పించి, మా వాడు పడి చనిపోయిన చోట కాలువ మీద పరిపించాను. కొలిచి చేసినట్టు సరిపోయింది.

పేరు మీద కాలు పెట్టడానికి బడిపిల్లలు జంకుతుంటే నేనే చెబుతున్నాను.

"తొక్కండి నాన్నా, తొక్కండి. వాడేమీ అనుకోడు."