వెళ్ళిరా అంటేనే కదిలే కారు

మా మనవరాలు హైమ సంచిలో చివరగా ఆవకాయ సీసా సర్ది జిప్పు లాగింది. ఈ సాయంత్రానికల్లా భద్రాచలం ఆసుపత్రిలో డ్యూటీకి చేరకపోతే ఉద్యోగం దక్కదు.

దొంగల భయానికి ఇప్పుడు కార్లన్నిటికీ ఒకటే తాళం. ఎక్కినవాళ్ళు "వెళ్ళొస్తా" అనాలి, ఇంట్లోవాళ్ళు గుమ్మంలో నిలబడి "వెళ్ళిరా" అనాలి. అప్పుడే కదులుతుంది. మొన్న మా కారెక్కిన దొంగ, సాగనంపే దిక్కులేక దిగి పారిపోయాడు.

"వెళ్ళొస్తా అమ్మమ్మా!"

నేను గుమ్మంలోంచి ఆకాశం కేసి చూశాను. ఆ మాట అంటే నిజంగా వెళ్ళిపోతుంది.

"ఏంటే ముసలీ, నన్నూ దొంగని చేశావా?"

"మబ్బు పట్టింది. రేపు వెళ్ళకూడదుటే?"

"రేపటికి అక్కడ ఇంకొకరుంటారు. అనవే, బంగారం కదూ!"

మా ఆయన పాత కారుకు తాళంచెవి ఒక్కటి చాలేది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుండగా, చెప్పకుండానే వెళ్ళిపోయారు. ఆయనకు నేనా మాట అననేలేదు.

గుమ్మం పట్టుకుని, వీధంతా వినబడేలా అరిచాను.

"వెళ్ళిరా తల్లీ!"

కారు కదిలింది.

హైమ నెల తిరక్కుండానే సెలవుకి వచ్చి, ఖాళీ సీసా నా చేతిలో పెట్టింది. మా ఆయన 2041 శ్రావణంలో వెళ్ళారు, మళ్ళీ రాలేదు.