ఎనిమిది గంటల మందు

"మామయ్యా, నిజం చెప్పండి. రోజుకి ఎన్ని మింగుతున్నారు?"

కోడలు ఖాళీ స్ట్రిప్పుని మామగారి బల్ల మీద పడేసింది. స్కూలు ఆఫీసులో పని ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చింది. భుజానికి హ్యాండ్‌బ్యాగు అలాగే వేలాడుతోంది. మామగారు కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండా చేతిలోని గడియారం మీదికి ఇంకాస్త వంగాడు.

"డాక్టరు చెప్పినట్టే తల్లీ. రాత్రి ఎనిమిదికి ఒకటి."

"నా దగ్గరా మీ కబుర్లు? రోజుకి ఒకటే అయితే నెలాఖరుదాకా రావాల్సినవి అప్పుడే డబ్బా అడుగుకి ఎలా వచ్చాయి? అరికాళ్ళ మంటలు తట్టుకోలేక ఎక్కువ వేసుకుంటున్నారు కదూ? అది నరాల మందు మామయ్యా, చాక్లెట్ కాదు. ఎక్కువైతే మత్తు, తల తిరగడం, ఒక్కోసారి ఊపిరికే ముప్పు అని మెడికల్ షాపాయన చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాడు."

కోపం పైపైనే, లోపలంతా భయం. మామగారంటే ఆమెకి ప్రాణం.

ముందు గదే ఆయన షాపు. ఏ గోడ చూసినా గంటలు కొట్టే గడియారాలే. ఒకటి పదకొండంటుంది, ఇంకొకటి రెండున్నరంటుంది, బల్ల పైన గోడకున్న పెద్దది ఏడు దాటిందంటుంది. ఒకదాని మాట ఒకటి వినదు. బయట చూస్తే సాయంత్రపు ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంది.

అంతలో తలుపు పక్క గడియారం ఎనిమిది కొట్టింది.

వంటింట్లోంచి అత్తగారు మంచినీళ్ళ గ్లాసు, మందుల డబ్బా పట్టుకుని గబగబా వచ్చింది. కోడలిని చూసి, పక్కింటి అమ్మాయిని పలకరించినట్టు నవ్వింది. ఈ మధ్య ఆవిడకి ఏదీ సరిగ్గా గుర్తుండటం లేదు.

"ఏవండీ, ఎనిమిదయింది. మందేసుకోండి. నేను చెప్పకపోతే మీకు ఒక్కనాడైనా గుర్తుంటుందా?"

"ఉండదే. నువ్వుండబట్టి నెట్టుకొస్తున్నాను."

ఆయన కాప్సూల్ అందుకుని, తల పైకెత్తి నీళ్ళు తాగి, నోరు తెరిచి చూపించాడు. ఆవిడ లోపలికి తొంగి చూసి తృప్తిపడింది. ఆయన గడ్డం మీది నీటిచుక్కని చెంగుతో తుడిచి వెళ్ళిపోయింది. గ్లాసు బల్ల మీదే మరిచిపోయింది.

కోడలికి అప్పుడర్థమైంది.

"అంటే... ఏ గడియారం ఎనిమిది కొట్టినా అత్తయ్య ఇలా వస్తుందా? కాదనలేక మీరు మింగేస్తున్నారా?"

మామగారు గుప్పిలి విప్పాడు. కాప్సూల్ అందులోనే ఉంది. సొరుగు లాగి, మరలు తీసేసిన పాత టైంపీసు డొల్లలో దాన్ని వేశాడు. డొల్ల నిండా కాప్సూళ్ళే.

"అసలు ఎనిమిదికి నా చేతి గడియారం చూసుకుని ఒకటే మింగుతాను. మిగతావన్నీ ఇందులోకే. ఇందాక ఇచ్చావు కదే అంటే, అదీ మరిచిపోయానా అని మీ అత్తయ్య మొహం చిన్నబోతుంది. నేను చూడలేను."

కోడలు కుర్చీలో కూలబడింది. పోయిన ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది.

"మీ నాటకం బాగానే ఉంది. ఏదో ఒకరోజు మగతలో నిజంగానే మింగేస్తే? అసలు అత్తయ్యే ఒకటి తన నోట్లో వేసుకుంటే?"

ఆయన మొహం పాలిపోయింది. ఆ సంగతి ఆయనకి ఇంతవరకూ తట్టనే లేదు.

"ఇవాళ్టి నుంచి మందు నా బీరువాలో ఉంటుంది. తాళం నా దగ్గర. అసలు ఎనిమిదికి నేనే ఇస్తాను. డబ్బాలో పిప్పరమెంటు బిళ్ళలు పోస్తాను, డాక్టరు మందు మార్చాడని చెప్దాం. ఈ డొల్లలోవి మెడికల్ షాపులో ఇచ్చేస్తాను. ఇదంతా చూసి భయపడి అసలుకే మానేస్తారేమో, అదీ కుదరదు. పెంచినా తగ్గించినా డాక్టరుని అడిగే."

"నీ మాటే నా మాట తల్లీ."

"ఇంకొకటి. ఈ గడియారాలన్నీ సరైన టైముకి పెట్టండి. దాంతో ఈ గొడవే ఉండదు."

మామగారు మళ్ళీ భూతద్దంలోకి దూరిపోయాడు.

"రిపేరుకొచ్చినవమ్మా. అవి అలాగే ఉంటాయి."

"ఈ పెద్దది మన సొంతమే కదా?"

ఆయన చేతిలోని గడియారం మూత బిగించసాగాడు.

"ఊళ్ళోవాళ్ళ గడియారాలన్నీ మీ చేతిలో పడి దారికొస్తాయి. మనింటిది మాత్రం మొరాయిస్తుందా? జరగండి."

కోడలు స్టూలు లాక్కుని ఎక్కి, పెద్ద గడియారం అద్దం తలుపు తెరిచింది.

"వద్దమ్మాయ్!" మామగారు కంగారుగా లేవబోయాడు. "అది చెడిపోలేదు. వీటిలో ఒక్కటి కూడా చెడిపోలేదు. పగలంతా ఏదో ఒకటి ఎనిమిది కొడుతూ ఉండేలా నేనే తిప్పి పెట్టాను."

"మీరా? ఎందుకు?"

ఆయన నోరు తెరిచేలోపే అత్తగారు మళ్ళీ వచ్చింది. బల్ల మీది గ్లాసు తీసుకుంది. మామగారి వైపు, ఎవరో కొత్తవాళ్ళని చూసినట్టు మర్యాదగా చూసింది.

"అయ్యా, గడియారాలు బాగుచేసేది మీరేనా? మావారు ఇంకా ఇంటికి రాలేదండీ. ఇటుగా వస్తే, నేను ఎదురుచూస్తున్నానని ఒక్క మాట చెప్తారా?"

మామగారు లేచి నిలబడ్డాడు.

"తప్పకుండా చెప్తానండీ."

ఆవిడ నెమ్మదిగా లోపలికి వెళ్ళిపోయింది. మామగారు ఎనిమిది దాటిపోయిన తలుపు పక్క గడియారం వైపు చూశాడు.

కోడలు స్టూలు దిగలేదు. కళ్ళు తుడుచుకుని, పెద్ద ముల్లుని వేలితో పట్టుకుని, గడియారం ఎనిమిది కొట్టేదాకా ముందుకి తిప్పింది.