రాబందుల దిబ్బ

ఇప్పుడు ప్రతి మండలానికీ ఒక రాబందుల దిబ్బ ఉంది. మాది నేను చూసుకుంటాను. పశువు చస్తే రాబందుల మేతకు ఇక్కడికి తెస్తారు. పరీక్ష కాగితానికి దాని నెత్తురు అద్దుతాను. నీలం తిరిగితే నొప్పిమందు ఉన్నట్టు. ఆ మాంసం తిన్న రాబందు బతకదు.

ఈ ఉదయం రాజలింగు ట్రాక్టర్లో ఎద్దును తెచ్చి దించాడు. కాగితం నీలం తిరిగింది.

“ఒక్క సూదే ఏపిచ్చిన బావా.”

“బొంద తవ్వు.”

“అందాక అవి ఆగుతయా?”

అప్పటికే ముప్పై రాబందులు దిగాయి. నేను ఎద్దు మీదెక్కి కూర్చుని కర్ర తిప్పాను.

“దిగు బావా, నిన్నుగూడ తింటయి!”

“తిననీ. నేను ఏ సూదీ ఏపిచ్చుకోలే.”

బారెడు రెక్కలు ముడిచి అవి చుట్టూ ఓపికగా నిలబడ్డాయి. ఎంత అందమైన పక్షులు! ఎద్దును గంటలో ఎముకలు చేస్తాయి. అవి లేని రోజుల్లో కళేబరాలు తిని ఊరకుక్కలు పెరిగాయి. ఒక పిచ్చికుక్క కరిచి నా భార్య శాంతవ్వ పోయింది. ఇవి తిరిగొచ్చాక మా ఊళ్లో ఎవరూ అలా పోలేదు.

పొద్దువాలే వేళకు ఎద్దును పూడ్చాం. రాబందులు లేచాయి.

“తప్పయింది బావా, మనసుల పెట్టుకోకు” అన్నాడు రాజలింగు.

నేను తలెత్తి లెక్కపెట్టాను. ముప్పై. ఆకలితోనే, కాని ప్రాణాలతో వెళ్తున్నాయి.

“పెట్టుకుంట” అన్నాను.